మిసెస్ గారి పూర్వోత్తరాలు

"మా మిసెస్ ఊళ్ళో లేదండీ, హోటల్లో భోంచేస్తున్నాను" అంటాడు గుమాస్తాగారు. "మీ మిసెస్ కులాసాయేనా?" అని పలకరిస్తాడు ఆయన పై ఆఫీసరు. "భార్య" అంటే మరీ పుస్తకాల భాషలా ఉంటుంది. "పెళ్ళాం" అంటే మోటుగా ఉంటుంది. "మా ఆవిడ" అంటే పై ఆఫీసరు ముందు చనువెక్కువైనట్టుంటుంది. ఈ మూడింటి మధ్యా కాస్త చోటు చూసుకుని సర్దుకు కూర్చుంది ఈ "మిసెస్". ఇంగ్లీషులో ఉత్తరం ముక్క రాయలేనివాళ్ళు కూడా ఈ మాటని తడుముకోకుండా వాడేస్తారు. శుభలేఖ కవరు మీద మిస్టరు గారి పక్కన నిలబడేది ఇదే. బ్యాంకు కాగితాల మీద మన పేరుకి ముందు చిన్న గడిలో టిక్కు పెట్టమని అడిగేదీ ఇదే.

"మిసెస్ అంటే పెళ్ళయిన ఆడది. ఇందులో చెప్పుకోవడానికేముంది?" అంటారు కదూ. ఉంది మరి. ఈ మాట పుట్టినప్పుడు దానికీ మంగళసూత్రానికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం కుదిరి నిండా రెండువందల యాభై యేళ్ళు కూడా కాలేదు.

ముందు ఈవిడ పుట్టింటి వారెవరో చూద్దాం. లాటిన్ భాషలో "మగిస్" అంటే ఎక్కువ అని. దానినుంచి వచ్చిన "మగిస్టర్" అంటే పైవాడు, పెద్ద, పని తెలిసినవాడు, పదిమందికి నేర్పేవాడు. ఈ మగిస్టర్ గారి సంతానం ఇంతా అంతా కాదు. ఇంగ్లీషులో "మాస్టర్" అయ్యాడు. ఆ మాస్టర్ మన బళ్ళోకి వచ్చి పంచె కట్టుకుని "మాస్టారు" అయ్యాడు. పోర్చుగీసు వాళ్ళ నోట "మెస్త్రె" అయి, ఓడెక్కి మన తీరానికి దిగి, తాపీ పట్టుకుని "మేస్త్రి" అయ్యాడు. ఇటలీలో "మాస్ట్రో" అయ్యాడు; ఇళయరాజాగారి పేరుకి ముందు మనవాళ్ళు తగిలించేది ఆ మాటే. కోర్టులో కూర్చున్న మేజిస్ట్రేటూ ఈ ఇంటివాడే. మాస్టర్ అన్న మాటనే పిలవగా పిలవగా అరిగిపోయి "మిస్టర్" మిగిలాడు.

ఇంకో తమాషా ఉంది. లాటిన్లో "మగిస్"కి ఎదురుమాట "మినుస్", అంటే తక్కువ అని. ఆ తక్కువలోంచి పుట్టినవాడు "మినిస్టర్". అంటే కిందివాడు, సేవకుడు. మాటల పుట్టుక ప్రకారం మన ఇంటికి గోడ కట్టే మేస్త్రి పెద్దవాడు, ఆ ఇంటికి శంకుస్థాపన చేయడానికి వచ్చిన మంత్రిగారు చిన్నవాడు!

ఇక ఆడవైపు చూస్తే, మాస్టర్‌కి జోడీగా పాత ఫ్రెంచి భాషలోంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట "మిస్ట్రెస్". అది పొట్టిగా రాస్తే ఎం, ఆర్, ఎస్. మిసెస్ అని పలికేటప్పుడు ఎక్కడా "ర" వినపడకపోయినా రాతలో మాత్రం ఆర్ అక్షరం కూర్చుని ఉండేది అందుకే. అది మిస్ట్రెస్‌లోని "ర", పుట్టింటినుంచి తెచ్చుకున్న ఆనవాలు. ఇక "మిస్" ఎవరంటారా? ఆవిడా ఈ మిస్ట్రెస్ ముక్కే. తల ఒకచోట, మొండెం ఒకచోట అన్నట్టు, ఒక్క మాటే రెండుగా చీలి, పెళ్ళికి ముందొకటి, వెనకొకటి అయింది.

మిస్ట్రెస్ అంటే అసలర్థం యజమానురాలు. డాక్టర్ జాన్సన్ 1755లో అచ్చువేసిన ప్రసిద్ధ ఇంగ్లీషు నిఘంటువులో ఈ మాటకి అర్థాలు వరసగా ఇచ్చాడు. నౌకర్ల మీదా జనం మీదా పెత్తనం చేసే స్త్రీ, ఏదైనా విద్యలో ఆరితేరిన స్త్రీ, చదువు చెప్పే స్త్రీ, ఒకరి ప్రేమని అందుకునే స్త్రీ, ఆ తరవాత ఈసడింపుగా పిలిచే పిలుపు, చిట్టచివర ఉంచుకున్నది. ఇన్ని చెప్పిన ఆ మహానుభావుడు "పెళ్ళయినది" అన్న అర్థం ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. మరిచిపోయి కాదు, అప్పటికింకా ఆ అర్థం లేదు గనుక.

మరి ఎవరిని మిసెస్ అనేవారు? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసే ఏమీ ఎరిక్సన్ అనే చరిత్రకారిణి పాత పన్ను పుస్తకాలూ, చర్చి రికార్డులూ, వ్యాపార సంఘాల కాగితాలూ తిరగేసి 2014లో ఈ సంగతి బయటపెట్టింది. ఆ రోజుల్లో మిస్టర్ ఎవరో, మిసెస్ కూడా అటువంటిదే. నౌకర్లో, పని నేర్చుకునే కుర్రవాళ్ళో తన చేతికింద ఉన్న మనిషి. మగవాడైతే మిస్టర్, ఆడదైతే మిసెస్. పెళ్ళయిందా, కాలేదా, మొగుడు పోయాడా అన్న ఆరా లేదు. ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లాలోని బాకింగ్ అనే ఊరికి 1793లో తయారైన జనాభా జాబితా ఉంది. అందులో మిసెస్ అని రాసిన ఆడవాళ్ళలో దాదాపు సగం మంది సొంతంగా వ్యవసాయమో, కిరాణా వ్యాపారమో, సరుకు తయారీయో చేయిస్తున్నవాళ్ళే. మిగతావాళ్ళు కలిగినవాళ్ళు. అంటే ఆ రెండక్షరాల గౌరవం వాళ్ళు చేసే పనికీ, వాళ్ళ చేతిలోని డబ్బుకీ దక్కిందన్నమాట.

ఎలిజబెత్ కార్టర్ అని ఒక విదుషీమణి ఉండేది. పుట్టింది 1717లో. ఎపిక్టిటస్ అనే గ్రీకు తత్వవేత్త పుస్తకాన్ని 1758లో ఇంగ్లీషులోకి తెచ్చి గొప్ప పేరు సంపాదించింది. జన్మంతా పెళ్ళి చేసుకోలేదు. అయినా లోకమంతా ఆవిణ్ణి "మిసెస్ కార్టర్" అనే పిలిచింది. మన నిఘంటువు జాన్సన్‌కి ఈవిడ స్నేహితురాలు. గ్రీకు అనువదించినంత బాగానూ పుడ్డింగు కూడా చేయగలదని ఆవిడ గురించి మెచ్చుకోలుగా చెప్పేవాడట. ఆడది ఎంత చదివినా వంట సర్టిఫికెట్టు కూడా దాఖలు చేయవలసిందే కాబోలు! అలాగే నాటకాలు రాసి, పల్లెల్లో బీదపిల్లలకి బళ్ళు పెట్టిన హానా మోర్. ఆవిడకి పెళ్ళి నిశ్చయమైంది గాని, పీటలదాకా రాలేదు. ఆవిడా "మిసెస్ మోర్"గానే 1833లో కన్నుమూసింది. పెద్ద జమీందారీ ఇళ్ళలో వంటింటి పెత్తనం చేసే ఆవిణ్ణీ, తాళంచెవుల గుత్తి నడుముకి కట్టుకుని ఇల్లంతా నడిపే ఆవిణ్ణీ, పెళ్ళి కాకపోయినా మిసెస్ అనే పిలిచేవారు. ఈ ఆచారం ఇరవయ్యో శతాబ్దిలోకి కూడా వచ్చింది.

మరి మిస్? పదిహేడో శతాబ్దిలో ఈ పిలుపు రెండు రకాల వాళ్ళకి ఉండేది. ఒకరు గౌన్లు వేసుకునే చిన్నపిల్లలు, రెండోవారు డబ్బున్నవాళ్ళు ఉంచుకున్న ఆడవాళ్ళు. మర్యాదస్థురాలైన పెద్దావిణ్ణి మిస్ అంటే చెంప ఛెళ్ళుమనేదేమో! పద్ధెనిమిదో శతాబ్ది సగం గడిచేసరికి గాలి మళ్ళింది. పైతరగతి ఇళ్ళలో ఈడొచ్చిన ఆడపిల్లలు "మిస్" అనిపించుకోవడం మొదలెట్టారు. దుకాణం నడిపే ఆవిడా మిసెస్, వంటశాల పెద్దా మిసెస్ అయినప్పుడు, ఏ పనీ చేయనక్కర్లేని పెద్దింటి పిల్లలు తాము వేరని చూపించుకోవడానికి ఈ దారి పట్టారని ఎరిక్సన్ ఊహ. అందులోనూ అంతస్తులున్నాయి. జేన్ ఆస్టెన్ నవలలు చదివినవాళ్ళకి తెలుసు: ఇంటికి పెద్దమ్మాయి ఒక్కతే "మిస్ బెన్నెట్". ఆవిడ చెల్లెలు "మిస్ ఎలిజబెత్" కావలసిందే.

మిస్ పెళ్ళికాని పిల్లల మాటయ్యేసరికి, ఎదురుగా మిగిలిన మిసెస్ పెళ్ళయినవాళ్ళ మాటయి కూచుంది. అక్కడితో ఆగిందా? సుమారు 1800 ప్రాంతాల్లో మరో వింత ఆచారం మొదలైంది. పెళ్ళయిన ఆవిడకి మొగుడి ఇంటిపేరుతో పాటు ఆయన సొంత పేరు కూడా తగిలించడం. 1811లో వచ్చిన ఆస్టెన్ నవల "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ"లో ఒకావిడ "మిసెస్ జాన్ డాష్‌వుడ్"గానే కనిపిస్తుంది. ఆవిడకి ఫానీ అనే చక్కటి పేరుంది. జాన్ ఆవిడ మొగుడు. యజమానురాలు అన్న మాట తిరిగి తిరిగి యజమాని పేరుకి తోకయింది.

ఆనాటి ఇంగ్లండు చట్టం కూడా అలాగే ఉండేది లెండి. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ చట్టం కళ్ళకి ఒక్కరే, ఆ ఒక్కరూ భర్తే. ఆవిడ సంపాదించినదీ ఆయనదే. భార్య తన కూలిడబ్బు తాను ఉంచుకోవచ్చునని 1870లో చట్టం వచ్చింది. ఆస్తి తన పేర ఉంచుకోవచ్చునని 1882లో వచ్చింది. అంతదాకా ఆ దేశపు మిసెస్‌కి సొంత సంతకం విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

దీన్ని మొట్టమొదట కాదన్నవాళ్ళలో అమెరికా ఆవిడ లూసీ స్టోన్ ఒకతె. 1855లో హెన్రీ బ్లాక్‌వెల్‌ని పెళ్ళాడి, తన పేరు తనకే ఉంచుకుంది. మొగుడు కూడా సరేనన్నాడు. కాని గవర్నమెంటు అనలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో బడి కమిటీల ఎన్నికల వరకూ ఆడవాళ్ళు ఓటు వేయవచ్చునని 1879లో కొత్త చట్టం వచ్చింది. ఆ ఓటు కోసం ఏళ్ళతరబడి ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషి లూసీ. తీరా పేరు నమోదు దగ్గరికి వెడితే "మిసెస్ బ్లాక్‌వెల్ అని రాస్తేనే" అన్నారు. ఆవిడ రాయలేదు. ఓటు వదులుకుంది, పేరు వదులుకోలేదు. పేరులో ఏముందండీ అనేవాళ్ళకి ఇంతకంటే జవాబేముంటుంది?

మిస్సా, మిసెస్సా తెలియని ఆవిడకి ఉత్తరం రాయవలసి వస్తే ఎలా? ఈ ఇబ్బంది మగవాళ్ళకీ తప్పలేదు. 1901 నవంబరులో మసాచుసెట్స్‌లోనే స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి పత్రిక ఒకటి ఉపాయం చెప్పింది. రెంటికీ ఉమ్మడిగా ఎం, ఎస్ అని రెండక్షరాలే రాసి "మిజ్" అని పలకమంది. మంచి సలహాయే గాని ఎవరూ పట్టించుకోలేదు. అరవై యేళ్ళ తరవాత 1961లో షీలా మైకేల్స్ అనే యువతి తన గదిలో ఉండే స్నేహితురాలికి వచ్చిన పత్రిక మీది చిరునామాలో ఈ రెండక్షరాలూ చూసింది. మొదట అచ్చుతప్పనుకుంది. తరవాత ఆలోచిస్తే అది తన కోసమే పుట్టినట్టనిపించింది. ఆవిడ తల్లికీ, కన్నతండ్రికీ పెళ్ళి కాలేదు. తను ఒక తండ్రి సొత్తు కాదు, రేపొక మొగుడి సొత్తు కావాలనీ లేదు. అలాంటి మనిషికి ఏ గడిలో టిక్కు పెట్టాలి? కనపడినవాళ్ళకల్లా ఈ మాట చెప్పుకుంటూ వచ్చింది. చివరికి ఒక రేడియో కార్యక్రమంలో చెప్పిన మాట గ్లోరియా స్టైనమ్ బృందం చెవిన పడి, 1972లో వాళ్ళు మొదలెట్టిన స్త్రీల పత్రికకి ఆ రెండక్షరాలే పేరయ్యాయి.

అయినా న్యూయార్క్ టైమ్స్ పత్రిక దిగిరాలేదు. అక్కడ మిస్, మిసెస్ తప్ప మూడోది లేదు. 1984లో జెరాల్డీన్ ఫెరారో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసింది. ఆవిడ భర్త ఇంటిపేరు జకారో. ఫెరారో అన్నది పుట్టింటి పేరు. పెళ్ళయింది గనుక మిస్ కాదు. ఫెరారోగారి భార్య కాదు గనుక మిసెస్ ఫెరారోనూ కాదు. అంత పెద్ద పత్రికా "మిసెస్ ఫెరారో" అని రాసి నవ్వులపాలయింది. భాష విషయంలో ఛాందసుడని పేరున్న ఆ పత్రిక రచయిత విలియమ్ సఫైరే "ఇక మిజ్ అనక తప్పదు" అని ఒప్పుకున్నాడు. 1986 జూన్‌లో పత్రిక కూడా ఒప్పుకుంది. జర్మనీలో "ఫ్రాయిలైన్" అన్న పిలుపుని సర్కారు కాగితాల్లోంచి 1972లోనూ, ఫ్రాన్సులో "మద్‌మ్వాజెల్"ని 2012లోనూ తీసేశారు.

ఇంత చిన్న మాటకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కాని ఈ గడి ఒట్టి గడి కాదు. దాన్ని బట్టి ఉద్యోగాలు ఉన్నాయి, ఊడాయి. మన పిల్లలు బడిలో టీచరుగారిని "మిస్" అంటారు. పిల్లల తల్లయినా ఆవిడ మిస్సే. ఆ పిలుపు మనకి వచ్చిన ఇంగ్లండులో చాలాచోట్ల టీచరమ్మకి పెళ్ళయితే ఉద్యోగం మానుకోవలసిందే. 1944 నాటి విద్యాచట్టంతో గాని ఆ నిబంధన పోలేదు. మనదేశంలో 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ, కూర్గు ఆడపడుచు ముత్తమ్మగారు, పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇస్తానని రాసిచ్చి చేరవలసి వచ్చింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళింది. ఆపైన ప్రమోషను దగ్గర అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టుకెక్కింది. ఆడవాళ్ళు పెళ్ళికి గవర్నమెంటు అనుమతి తెచ్చుకోవాలన్న నిబంధనని 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో ఉతికి ఆరేశారు. పెళ్ళయిన మగవాడికి లేని అడ్డు పెళ్ళయిన ఆడదానికెందుకన్నది ఆయన ప్రశ్న.

ఇక మన ఇంటి సంగతి. "శ్రీమతి" అంటే ఏమిటి? శ్రీ గలది. అంటే సంపదా, శోభా ఉన్నది. మగవాడికి "శ్రీమాన్" ఎలాగో ఆడవారికి శ్రీమతి అలాగ. ఆ మాటలోనూ ఎక్కడా పెళ్ళి లేదు. అయినా అదీ మిసెస్ దారినే నడిచి "మా శ్రీమతి" అయింది. పెళ్ళికాని అమ్మాయికి "కుమారి" మిగిలింది. మన పెద్దలు ఇంకో అడుగు ముందుకి వేశారు. పెళ్ళికూతురికి చి.ల.సౌ. ముత్తయిదువకి రాసే ఉత్తరంలో "మహాలక్ష్మీ సమానురాలైన". భర్త పోయిన ఆవిడకైతే "గంగాభాగీరథీ సమానురాలైన". గంగ అంటే పవిత్రమే, ఎవరు కాదన్నారు? కాని పాత దస్తావేజుల్లో ఆ మాట చూడగానే, ఆవిడ పేరు చదవకముందే ఆవిడకి జరిగిన కష్టం తెలిసిపోయేది. భార్య పోయిన మగవాడు మాత్రం నిన్నా శ్రీ, ఇవాళా శ్రీయే.

ఇంగ్లీషు మిసెస్ తెలుగింటికొచ్చాక ఇంకో చిక్కొచ్చింది. వాళ్ళకి మిసెస్ పక్కన వచ్చేది ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, చివర ఉండేది రావూ, మూర్తీ, శాస్త్రీ. అవి ఆయన సొంతపేరులోని ముక్కలే. ఆఫీసర్ల క్వార్టర్సులో "మిసెస్ రావు" అని పిలిస్తే నాలుగిళ్ళ తలుపులు తెరుచుకుంటాయి. ఆ నలుగురిలో ఒకరు సీతామహాలక్ష్మి, ఒకరు అన్నపూర్ణ. ఇరుగుపొరుగు కలిసి పదేళ్ళున్నా, ఆ పేర్లు ఒకరివొకరికి తెలియకుండానే బదిలీలు అయిపోయేవి.

అమెరికావాళ్ళు మిజ్ కోసం ఎనభై ఐదేళ్ళు తిప్పలు పడ్డారే, ఆ పని చేసే మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. "గారు". దానికి ఆడా మగా తేడా లేదు, పెళ్ళీ పెటాకులూ అక్కర్లేదు. అన్నపూర్ణగారు అంటే అన్నపూర్ణగారే. పైగా దాన్ని తగిలించాలంటే ముందు ఆవిడ సొంత పేరు పలకాలి.

అయితే ఒక మాట. పద్ధెనిమిదో శతాబ్దపు మిసెస్ కూడా అందరికీ దక్కలేదు. కూలిపని చేసుకునే మేరీకి పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, ఆవిడ వట్టి మేరీయే. మన గారు కూడా అంతే కదా. డాక్టరుగారి పేరుకి ఉంటుంది, మాస్టారి పేరుకి ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి మనింట్లో అంట్లు తోమి వెళ్ళే ఎల్లమ్మ పేరుకి ఎన్ని ఇళ్ళల్లో ఉంది? బ్యాంకు కాగితం మీది గడి మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. ఈ రెండక్షరాలు ఎవరి పేరు పక్కన పెడతామన్నది మాత్రం మన నోట్లోనే ఉంది.